చెవికి చిక్కని కీచు



టపా రాసి చాలా రోజులైంది. ఛందస్సు గురించో, జాతీయాల గురించో ఏదైనా రాస్తానని ఎదురుచూస్తున్నవారు మన్నించాలి. ఈసారి రాయబోతున్నది కారు ఇంజను చప్పుళ్లను గురించి. పదవీ విరమణ దాకా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాడికి ఇంజనుతో ఏం పని అని మీకు తోచవచ్చు. నాకూ మొదట అలాగే తోచింది. ఓపిక పట్టి చివరిదాకా చదివితే, ఇది నా వృత్తికి సంబంధించిన సంగతేనని మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో ఒక మారుతీ 800 ఉంది. 2008లో కొన్నాం. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల ఇంజను. 1983 డిసెంబరులో మొదలైన ఆ బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అందుచేత ఇప్పుడు దాన్ని చూసినవాళ్లు నన్ను కాక ముందు బండిని పలకరిస్తారు, 'ఇంకా నడుస్తోందా మేష్టారూ' అని. కొత్తపేట, రావులపాలెం, రాజోలు అని లేకుండా కోనసీమలో ఏ పెళ్లికైనా, ఏ పేరంటానికైనా మమ్మల్ని తిప్పినది అదే. పదిహేనేళ్లు నిండాక పరీక్ష చేయించి మరో అయిదేళ్లకు అనుమతి కూడా తెచ్చుకున్నాను.

గత కార్తికానికి ఒక నెల ముందు, తెల్లవారుజామున ఎక్కడికో బయలుదేరుతుంటే మా ఆవిడ అన్నది:

"ఏమండీ, బండి కీచుమంటోంది. మీకు వినపడటం లేదా?"

నేను చెవి ఒగ్గి విన్నాను. ఇంజను ఎప్పటిలాగే గుర్రుమంటోంది. మరే చప్పుడూ లేదు. "ఏ కీచూ లేదు, నీ భ్రమ" అన్నాను. నాలుగు రోజుల తరువాత మళ్లీ అన్నది. అప్పుడూ అదే సమాధానం. మూడోసారి అన్నప్పుడు కాస్త విసుక్కున్నాను కూడా. ఆమె ఇక ఆ మాట ఎత్తలేదు.

నా ధీమాకు కారణం లేకపోలేదు. నా చెవి మీద నాకు గర్వం. మా చిన్నప్పుడు కోనసీమలో పిల్లలందరమూ ఇంజన్లు వింటూ పెరిగినవాళ్లమే. ధాన్యం మిల్లు ఆయిలింజను దూరాన టుక్కుటుక్కుమంటుంటే, ఆ చప్పుడు బరువెక్కడాన్ని బట్టి ఇప్పుడు మర మీదికి వడ్లు పోశారని చెప్పేవాళ్లం. కోటిపల్లి రేవులో నిలబడితే ముక్తేశ్వరం వైపు నుంచి వచ్చే పంటు కంటికి ఆనకముందే దాని ఇంజను చెవికి అందేది. అంబాసిడరు టాక్సీల రోజుల్లో మా వీథి మలుపు తిరిగినది ఎవరి బండో ఇంట్లో కూర్చునే పోల్చేవాణ్ణి. అటు తరువాత చేసిన ఉద్యోగమూ చెవితోనే. పద్యంలో యతి తప్పినా, పిల్లవాడు 'శ' పలకవలసినచోట 'స' పలికినా ముందు బాధపడేది నా చెవే. అటువంటి నాకు వినపడని చప్పుడు బండిలో ఉంటుందా?

ఉండగా ఉండగా మరొక చిక్కు వచ్చింది. మలుపు తిరిగేటప్పుడు ఇండికేటరు వేస్తే టిక్కుటిక్కుమనాలి కదా, ఆ చప్పుడు రావడం మానేసింది. దీపం మాత్రం వెలుగుతోంది. అమలాపురంలో ఎర్రవంతెన అవతల మా మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్లాను. అతడు నా పాత శిష్యుడు. పదో తరగతి తెలుగులో గట్టెక్కాడంటే గట్టెక్కాడు, అంతే. ఇప్పుడతనికి యాభై ఏళ్లు. అతని షెడ్డు ముందు ఎప్పుడు చూసినా అయిదారు బండ్లుంటాయి.

ఇండికేటరు వేసి చూశాడు. నా మొహం వంక చూశాడు. "బానే ఉందండి మేష్టారూ" అని నవ్వాడు. సరే, ఇప్పుడు సర్దుకున్నట్టుంది కాబోలు అనుకున్నాను. వచ్చాను కదా అని, "మా ఆవిడకు ఏదో కీచుమని వినిపిస్తోందిట, చూడు" అన్నాను.

"ఎప్పుడండి? పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?"

తెలియదన్నాను.

"హెడ్డు లైట్లు వేసినప్పుడు ఎక్కువవుతుందా అండి? ఏసీ వేస్తేనో? నిలబడి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? ఇంజను వేగంతో పెరుగుతుందా, చక్రాల వేగంతోనా?"

ఒక్క ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు. పరీక్ష హాలులో కూర్చున్న వెనక బెంచీ పిల్లవాడిలా నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం, ఇంజను వేడిగా ఉంది. ఆ సమయంలో ఏ కీచూ రావడం లేదని అతడూ అన్నాడు. "అమ్మగారిని ఓ పొద్దున్న తీసుకురండి. విన్నోళ్లు చెబితే సగం పని అయిపోతుందండి" అన్నాడు. నాకు లోపల చురుక్కుమన్నది. నా బండి చప్పుడు చెప్పడానికి మా ఆవిడ రావాలా? తీసుకువెళ్లలేదు.

అయితే ఆ మధ్యాహ్నం వృథా కాలేదు. షెడ్డులో పని పెద్దగా లేదు. టీ తెప్పించి కూర్చోబెట్టాడు. మాటల్లో నాకు ఒక పాఠం చెప్పాడు.

"ఇప్పటి కుర్రాళ్లు వచ్చి, నాయిస్ వస్తోందంటారండి. ఏం సప్పుడురా అంటే తెల్లమొహం వేస్తారు. అదే మా అమ్మ వయసు ముసలావిడ ఆటోలో వచ్చి, 'నాయనా, ఇది గరగరలాడుతోంది' అంటుంది. గరగర అందంటే అది బేరింగే. ఆవిడకి బేరింగంటే తెలవదండి. అయినా రోగం చెప్పేసింది."

తెలుగు పండితుణ్ణి కదా, ప్రాణం లేచివచ్చింది. ధ్వన్యనుకరణ పదాలని మేము బడిలో ఒక పీరియడులో ముగించే పాఠం, అతని షెడ్డులో పగలంతా నడుస్తోంది. అతడు చెప్పినదాన్ని నాకు అర్థమైనంతవరకు ఇక్కడ పెడుతున్నాను. కార్లున్న మిత్రులకు పనికిరావచ్చు.

ఇంజను పైభాగం నుంచి తేలికగా, వేగంగా 'టకటక' అంటే అది ట్యాపెట్లు. కవాటాల దగ్గర ఉండవలసిన సందు పెరిగి ఉంటుంది, లేదా ఇంజను ఆయిలు తగ్గి ఉంటుంది. ముందు ఆయిలు పుల్ల తీసి చూడాలి. కింది నుంచి బరువుగా 'దబ్బుదబ్బు' అంటే కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగిందేమోనని భయపడాలి. ఇది వినగానే బండి ఆపెయ్యాలి, ఇంటిదాకా వెళ్లిపోదాం అనుకోకూడదు. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటరు తొక్కినప్పుడు మాత్రమే, డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు 'చిటచిట'మంటే, లోపల పెట్రోలు మండవలసిన తీరులో మండడం లేదన్నమాట. పెట్రోలు నాణ్యతో, లోపల పేరుకున్న మసియో, నిప్పురవ్వ ముందుగా పడటమో కారణం. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు 'టక్ టక్' అంటే ముందు చక్రాల డ్రైవు షాఫ్టు జాయింటు. వేగంతో పాటు పెరిగే 'హుఁ' అనే మూలుగు చక్రం బేరింగుది. మలుపులో బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు అది హెచ్చుతగ్గులవుతుంది. క్లచ్చి తొక్కగానే పుట్టి, వదలగానే పోయే గరగర క్లచ్చి బేరింగుది. 'బుసబుస' అంటే ఎక్కడో గాలి కారుతోంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండ్లకు సైలెన్సరు గొట్టాలు తొందరగా తుప్పు పడతాయి, ఆ చిల్లుల్లోంచి వచ్చే బుస ట్యాపెట్ల చప్పుడులా కూడా భ్రమింపజేస్తుందట. ఇక 'కీచు' బెల్టుది.

బెల్టు కీచుకు ఒక పరీక్ష చెప్పాడు. ఇంజను నడుస్తుండగా, చేతులు దూరంగా ఉంచి బెల్టు మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించాలి. కీచు ఒక క్షణం ఆగితే బెల్టు చక్రాలు ఒక వరుసలో లేవని అనుమానించాలి. ఎక్కువైతే బెల్టు వదులైందని. బెల్టు తీసేసి కొన్ని క్షణాలు ఇంజను నడిపినా చప్పుడు అలాగే ఉంటే దోషం ఇంజనులోనే. పోతే, ఆ బెల్టు తిప్పే ఆల్టర్నేటరులోనో నీళ్ల పంపులోనో ఉన్నట్టు.

పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని వినడం కూడా చూపించాడు. వైద్యుడి గొట్టానికి తమ్ముడన్నమాట. ఇనుములో చప్పుడు చాలా దూరం పాకుతుంది. అందుకని ఒకచోట పుట్టినది మరొకచోట వినిపిస్తుంది. "వినపడ్డ చోట ఉండదండి, పుట్టిన చోట ఉంటుంది" అన్నాడు. నేను ఆనందవర్ధనుణ్ణి తలచుకున్నాను. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని ఆయన 'ధ్వన్యాలోకం' రాసింది, పలికిన మాట వెనుక పలకని అర్థాన్ని గురించి. ఆ ధ్వని అనే పేరును ఆయన వ్యాకరణవేత్తల దగ్గర తీసుకున్నాడు. మా శిష్యుడికి ఆయన పేరు తెలియదు. వాచ్యం మీద ఆగిపోకూడదని మాత్రం తెలుసు.

ట్యాపెట్ల చప్పుడుకూ బేరింగు చప్పుడుకూ తేడా నాకు ఛందస్సు వల్ల తేలికగా పట్టుబడింది. ఇంజనుది నాలుగు పాదాల నడక: పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. ఆ నాలుగూ పూర్తి కావడానికి క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. కనుక నిమిషానికి 900 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క కవాటం 450 సార్లే తెరుచుకుంటుంది. అంటే ట్యాపెట్ల టకటక ఇంజను నడకలో సగం వేగంతో పడే లఘువు. బేరింగు చప్పుడు క్రాంకు చుట్టు చుట్టుకూ పడే గురువు. సిలిండరు ఒకటి మండటం మానేస్తే గణభంగమైన పద్యంలా బండి కుంటుతుంది. ఇదంతా అతనికి చెబితే, "ఈ లెక్కన పదోతరగతిలో చెప్పుంటే నాకు ఫస్టు క్లాసు వచ్చేదండి" అన్నాడు. ఇద్దరమూ నవ్వుకున్నాం. ఇంటికి వస్తూ నాకు కొత్త విద్య పట్టుబడిందన్న ఉత్సాహంలో ఉన్నాను. కీచు సంగతి పూర్తిగా మరిచిపోయాను.

కార్తికంలో ఒక ఆదివారం మా ఆవిడనూ, సెలవులకు వచ్చిన మనవరాలినీ తీసుకుని అంతర్వేది వెళ్లాం. నరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు పిల్లకు చూపించి, సాయంకాలం తిరుగు ప్రయాణమయ్యాం. సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు దాటాం. దీపాలు వేశాను. తాటిపాక దాటిన కాసేపటికి వెనక సీటులోంచి మా ఆవిడ అన్నది:

"హమ్మయ్య, ఆ కీచు ఆగిపోయిందండీ."

"చూశావా! లేదంటే విన్నావు కాదు" అన్నాను. ఎంత సంతోషంగా అన్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

బెల్టు తెగిపోయింది. కీచు ఆగడానికి కారణం అదీ. ఆ బండిలో ఆల్టర్నేటరునూ నీళ్ల పంపునూ తిప్పేది ఆ ఒక్క బెల్టే. అది తెగితే బ్యాటరీ గుర్తు దీపం ఎర్రగా వెలుగుతుంది. వెలిగే ఉంటుంది, నేను చూడలేదు. ఇంజను చుట్టూ నీళ్లు తిరగడం ఆగింది. వేడి ముల్లు ఎరుపులోకి పోవడమూ నేను చూడలేదు. రోడ్డు మీద కళ్లు పెట్టి, మా ఆవిడ మీద గెలిచిన వాదాన్ని మనసులో నెమరువేసుకుంటున్నాను. పిల్ల అన్నది, "తాతయ్యా, ముందర పొగ!"

బానెట్టు సందుల్లోంచి తెల్లని ఆవిరి. పక్కకు తీసి ఆపాను. దిగి, బానెట్టు ఎత్తి, గుడ్డ చుట్టి రేడియేటరు మూత తిప్పబోయాను. నా పక్కనే పదేళ్ల పిల్ల నిలబడి తొంగిచూస్తోంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. "ముందు అతనికి ఫోను చెయ్యండి" అన్నది. చేశాను. "మూత తియ్యకండి మేష్టారూ! తియ్యకండి!" అని అతడు అరిచిన అరుపు ఫోనులోంచి నలుగురికీ వినిపించింది. మూసిన రేడియేటరులో నీళ్లు ఒత్తిడి కింద ఉంటాయి కనుక నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతాయి. మూత వదులు చేసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, మరిగే నీరంతా పైకి చిమ్ముతుంది. తియ్యకూడదు, చల్లారేదాకా ముట్టకూడదు. ఆ మూత తిరిగి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను.

మర్నాడు బండిని తాడు కట్టి షెడ్డుకు చేర్చారు. ఆయిలు పుల్ల తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంది. వేడికి హెడ్డు గ్యాస్కెట్టు పోయి, నీళ్లు ఆయిలులో కలిశాయి. బెల్టును తిననిచ్చినది నీళ్ల పంపు బేరింగు. దాన్ని చెడగొట్టినది ఎవరయ్యా అంటే నేనే. రేడియేటరులో పొయ్యవలసిన కూలెంటు పొయ్యకుండా, ఏళ్ల తరబడి మా పెరటి బోరు నీళ్లు పోస్తూ వచ్చాను. సముద్రానికి దగ్గరి కోనసీమ బోరు నీళ్లలో ఉప్పెంత ఉంటుందో కాఫీ కాచుకునే ఇల్లాళ్లకు తెలుసు, నాకు తట్టలేదు. పంపు లోపల తుప్పు పట్టి, సీలు పాడై, బేరింగు అరిగి, చక్రం ఒరిగి, బెల్టు ఒరుసుకుంటూ వచ్చింది. అది ఒరుసుకున్న నెలన్నర పాటు కీచుమంటూనే ఉంది.

అంతా బాగుచేసిన రోజున వెళ్లాను. కొత్త పంపు, కొత్త బెల్టు. బెల్టు ఇంకా పూర్తిగా బిగించలేదు. ఇంజను వేశాడు. నేను బండి పక్కనే నిలబడ్డాను. పనికుర్రాళ్లిద్దరూ అటు వెనక ఎక్కడో టైరు విప్పుతున్నవాళ్లు ఒక్కసారి తల తిప్పి చూశారు. నేను మాత్రం, "బాగుందోయ్, ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది" అన్నాను.

అతడు ఇంజను ఆపేశాడు. కాసేపు మాట్లాడలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, దగ్గరకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అనాలని గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన మాట నాకు సగమే అందింది. రెండోసారి చెప్పించుకున్నాను.

"బెల్టు సన్నగా కీచుమంటోందండి మేష్టారూ. ఇంకా బిగించాలి. ఆయ్... అప్పుడు ఇండికేటరు కూడా మోగుతూనే ఉందండి. నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. మా నాన్నకీ ఇలాగే మొదలైందండి. ఓసారి చెవులు చూపించుకోండి."

తిరిగి వచ్చేటప్పుడు దారిలో అతని ప్రశ్నలే నన్ను నేను వేసుకున్నాను. ఎప్పుడు వినపడదు? పెళ్లిళ్లలో, సభల్లో, నలుగురూ ఒక్కసారి మాట్లాడినప్పుడు. అంటే బరువు పడినప్పుడు. ఎవరి మాట అందదు? మగవాళ్ల మాట అందుతుంది, పిల్లల మాట, సన్నని గొంతుల మాట అందదు. అసలు వినపడదా, వినపడి అర్థం కాదా? వినపడుతుంది, అక్షరాలు చెరిగిపోతాయి. కుక్కరు కూత మా ఆవిడ చెబితేనే తెలుస్తోంది. ఫోను మోగితే పిల్ల తెచ్చి ఇస్తోంది. ఇన్ని గుర్తులూ ఒకే చోటికి చూపిస్తున్నాయి. నెలల తరబడి అవి కళ్ల ముందే ఉన్నాయి.

కాకినాడలో చెవుల పరీక్ష చేశారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడిగి, బొద్దు ధ్వనుల నుంచి సన్నని ధ్వనుల దాకా వినిపించి, వినగానే మీట నొక్కమన్నారు. కాగితం మీద గీత గీసి ఇచ్చారు. 250, 500, 1000 హెర్ట్జుల దగ్గర గీత బాగానే ఉంది. 2000 దగ్గర దిగడం మొదలుపెట్టి, 4000 దగ్గర గట్టు తెగినట్టు జారిపోయింది. ఇది వయసుతో వచ్చేదే. చెవి లోపలి సన్నని కణాలు అరిగిపోతాయి, పై స్థాయి ధ్వనులను పట్టేవి ముందుగా పోతాయి. పోయినవి మళ్లీ మొలవవు. అరవై దాటినవారిలో నాలుగో వంతుకు పైగా ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంజను గుర్రు కింది స్థాయిది కనుక నాకు అందుతూ వచ్చింది. అది అందుతున్నంతకాలం అంతా అందుతున్నదనే అనుకున్నాను.

ఆ గీత చూపించి, అక్షరాల్లో ఏవి ముందు పోతాయో చెప్పారు. అచ్చులు పోవు, వాటికి బలమెక్కువ. పోయేవి ఊష్మాలు. ముఖ్యంగా 'స'కారం. దాని బలమంతా సుమారు 4000 హెర్ట్జులకు పైనే ఉంటుందట.

మిత్రులారా, ఇంతసేపూ ఇక్కడికి రావడానికే ఇంత దారి తిరిగాను.

శ తాలవ్యం, ష మూర్ధన్యం, స దంత్యం. ఈ మూడింటినీ కలిపేసే అలవాటు మన జిల్లాలో కొత్తది కాదు. సర్వీసంతా నేను ఆ అలవాటుతో పోరాడాను. దాన్నే నా పాండిత్యమనుకున్నాను. పదవీ విరమణకు రెండేళ్ల ముందు, 2016లో, తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పద్యం ఒప్పచెప్పింది. నాకు 'శ' ఉన్నచోటల్లా 'స' లాంటిదేదో, అక్షరం అరిగినట్టు వినిపించింది. ఆపి, మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అలాగే వినిపించింది. మూడోసారీ అంతే. "నేను శ అనే అన్నానండీ" అన్నది ఆ పిల్ల. క్లాసంతా, "అందండీ మేష్టారూ" అన్నారు. అందరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. నిలబెట్టాను. బల్ల మీద తలవాల్చి ఏడ్చింది. మరెన్నడూ నా క్లాసులో ఆమె పద్యం చదవలేదు. పద్యపఠనం పోటీకి పేరు ఇవ్వమంటే ఇవ్వలేదు.

ఆనాటికే నా గీత దిగడం మొదలై ఉంటుందా? ఉండే ఉంటుందనే నా మనసు చెబుతోంది. నిరూపించలేను. ఆ పిల్ల గొంతు ఎలా ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అయితే ఒకటి మాత్రం తెలుసు. గదిలో నలభై మంది విని చెప్పిన దాన్ని నేను ఒక్కణ్ణి కాదన్నాను. మా ఆవిడ మూడుసార్లు చెప్పినదాన్ని కాదన్నట్టే. 'విన్నోళ్లు చెబితే సగం పని అయిపోతుంది' అని నా శిష్యుడికి తెలిసిన విషయం నాకు తెలియలేదు.

ఇప్పుడు రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకున్నాను. పోయినదంతా తిరిగి రాలేదు, గోలలో ఇప్పటికీ ఇబ్బందే. మొదటిరోజున కాగితం మడిచినా చెవిలో మంటలు లేచినట్టుండేది. పెరట్లో కొబ్బరాకులు గాలికి ఇంత సన్నగా గలగలలాడతాయని మరిచిపోయాను. షెడ్డు నుంచి బండి తెచ్చుకుని, మొదటి మలుపులో ఇండికేటరు వేసి, ఆ టిక్కుటిక్కును విన్నాను. మలుపు తిరిగిపోయాక కూడా దాన్ని కాసేపు ఆపలేదు. వెనకవాడు హారను కొట్టాడు. అదీ వినపడింది.

బండ్లున్న మిత్రులకు మనవి: రేడియేటరులో బోరు నీళ్లు పొయ్యకండి. వేడెక్కిన ఇంజను మూత తియ్యకండి. చప్పుడు పోయిందని సంతోషించే ముందు, అది ఎందుకు పోయిందో చూడండి. అరవై దాటినవారు బండికి ఆయిలు మార్పించిన నాడే చెవులూ ఒకసారి చూపించుకోండి. పక్క సీటులోనివారు వినపడుతోందంటే, వినపడుతోందనే నమ్మండి.

ఆ అమ్మాయికి ఇప్పుడు ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. ఎక్కడున్నదో తెలియదు. పేరు ఇక్కడ రాయడం మర్యాద కాదు. ఈ పేజీ ఎప్పుడైనా ఆమె కంటబడితే, ఏ పద్యమో, ఏ బెంచీయో ఆమెకే తెలుస్తుంది. అమ్మా, నువ్వు 'శ' అనే అని ఉంటావు. తప్పు నా చెవిది. నిన్ను నిలబెట్టిన తప్పు మాత్రం నాది. మన్నించు.